ఇంటర్నేషనల్ సిటీలో శాంతి దళం

ఎక్కడ రెండు జాతులు తలపడినా చివరికి ఒళ్ళు చేసేది శాంతి దళమే. రెండు వేల పద్నాలుగు జూన్‌లో, దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలోని మా ఫ్లాట్‌లో, ఈ సత్యం నా నడుము చుట్టుకొలత ద్వారా రుజువైంది.

ఫ్లాట్‌లో ముగ్గురం. కరీంనగర్ దక్షిణామూర్తి ఒక కంపెనీలో అకౌంటెంటు. రాజోలు సూరిబాబు ఏసీ మెకానిక్కు. ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి వండుకున్నారు. రాష్ట్రం రెండైన రోజున టీవీ ముందు మాటామాటా పెరిగింది.

"ఇన్నేండ్లు మా నీళ్ళు తాగిన్రు" అన్నాడు మూర్తి.

"మేం రాకపోతే మీ హైదరాబాదెక్కడిదిరా?" అన్నాడు సూరిబాబు.

గరిటె గాల్లోకి లేచి గోడకు తగిలింది. అంతటితో మాటలు ఖలాస్.

నాది బళ్ళారి. తెలుగువాణ్ణే గానీ ఆ రెండు రాష్ట్రాలకూ చెందను (దౌత్యానికి ఈ అర్హత చాలు). కనుక ఎవరూ అడగకుండానే నన్ను నేను శాంతి దళంగా నియమించుకున్నాను.

వంటింటి నేల మీద నల్ల టేపు అంటించి సరిహద్దు గీశాను. ఎడమ పొయ్యి తెలంగాణ, కుడి పొయ్యి ఆంధ్ర. ఫ్రిజ్‌లో మధ్య అర నిస్సైనిక ప్రాంతం. అందులో ఏది కనిపించినా దళం స్వాధీనం చేసుకుంటుంది (గడ్డపెరుగు వల్ల ఉద్రిక్తతలు పెరుగుతాయని నా అంచనా). ముందస్తు అనుమతి లేనిదే పోపు వాసన సరిహద్దు దాటరాదు.

నేను అవతలివాడి వైపు మొగ్గుతానేమోనని ఇద్దరూ విడివిడిగా వడ్డించేవారు.

"చేపల పులుసు కొంచెం రుచి చూడండి ప్రసన్నగారూ."

"మటన్ ఉన్నది, తిను అన్నా."

రాజీ పడదామా అని అప్పుడప్పుడు ఒకడు నా దగ్గర నసిగేవాడు. వాతావరణం ఇంకా అనుకూలించలేదని చెప్పి దళం గడువు పొడిగించేవాణ్ణి.

ఆగస్టులో సూరిబాబు పనిలో నిచ్చెన మీంచి జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ శుక్రవారం నేను కూరగాయలు కొనుక్కొచ్చేసరికి, మూర్తి టేపు అవతల స్టూలు వేసుకుని, పచ్చిపులుసు కలిపి అతనికి ముద్దలు పెడుతున్నాడు.

"సరిహద్దు దాటడానికి అనుమతి తీసుకున్నావా?" అన్నాను.

"వాని చెయ్యి ఇరిగింది. నువ్వు తినిపిస్తవా?" అన్నాడు మూర్తి, తలెత్తకుండా.

నేను నియమావళిలో సమాధానం వెతుక్కుంటున్నాను.

"ఉప్పు తక్కువైందిరా మూర్తీ" అన్నాడు సూరిబాబు.

"సముద్రం మీ దిక్కే పోయింది గదరా. నువ్వే ఏసుకో."

సూరిబాబు నవ్వబోయాడు. కళ్ళు తుడుచుకోవడానికి అలవాటుగా కుడిచెయ్యే ఎత్తి, అబ్బా అని దించేశాడు. మూర్తి తన భుజం మీది తువ్వాలుతో అతని మొహం తుడిచి, మరో ముద్ద కలిపాడు. నేను చూపు తిప్పుకున్నాను (ఇలాంటి సందర్భాలకు దళం వద్ద నిబంధనలు లేవు).

సాయంత్రానికి టేపు ఊడింది. ఒకే పొయ్యి వెలిగింది. కంచాలు మాత్రం రెండే పెట్టారు.

"మరి నాది?"

"మీరు కర్ణాటక కదండీ" అన్నాడు సూరిబాబు మర్యాదగా. "వేరే రాష్ట్రం."

ప్రస్తుతం ఉద్యోగం మారి అబుదాబి శివారు బనియాస్‌లో ఉంటున్నాను. ఈ ఫ్లాట్‌లో ఒక మలయాళీ, ఒక తమిళుడు ఏ గొడవా లేకుండా కలిసి వండుకుంటున్నారు. పరిస్థితిని నిశితంగా గమనిస్తున్నాను.