ఎనిమిదో గీత

ఆ రోజు ఇంట్లో ఉన్నవారు: నాన్న, అమ్మ, నాయనమ్మ, ఎదురింటి ఇన్వర్టర్ బాబాయి, నేను, కొత్త కారు. (కారు నిజానికి వాకిట్లో ఉంది. కానీ మా ఇంట్లో ఏ నిర్ణయమైనా దాని మనసు తెలుసుకున్నాకే జరుగుతోంది కాబట్టి దాన్నీ లెక్కలో చేర్చాను.)

మానవజాతిలో ఉన్నవి రెండే తెగలు. బ్యాటరీ నిండేదాకా ఆగేవారు, ఆగకుండా బయల్దేరేవారు. మొదటి తెగకు మా నాన్న జీవితకాల అధ్యక్షుడు.

మా కారు హైబ్రిడ్. అంటే పెట్రోలూ తాగుతుంది, బ్యాటరీ మీదా నడుస్తుంది. ఎప్పుడు ఏది అన్నది తనే నిర్ణయించుకుంటుంది, ఎవరికీ చెప్పదు. లోపల తెర మీద ఒక బ్యాటరీ బొమ్మ, అందులో ఎనిమిది గీతలకు చోటు. కారు వచ్చి పదకొండు రోజులైంది. నిలబెట్టి ఎంతసేపు ఆన్ చేసి ఉంచినా ఆరు గీతలు దాటలేదు.

నాన్నకు ఇది పరువు సమస్య అయి కూర్చుంది. మూడో రోజున పాత క్యాలెండర్ కాగితం వెనక నియమావళి రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఒకటో నియమం: ఎనిమిది గీతలు నిండనిదే బండి వాకిలి దాటరాదు. రెండో నియమం: ఒకటో నియమాన్ని ప్రశ్నించువారు బండి ఎక్కరాదు. మూడోది చెప్పులు విప్పి ఎక్కడం గురించి. (అది మాత్రం చక్కగా అమలవుతోంది, ఎవరూ ఎక్కడం లేదు కాబట్టి.) ఆ రోజు నుంచి నాన్న పనికి బస్సులోనే వెళ్తున్నాడు. వెళ్ళే ముందు కారు బానెట్ మీద ఒకసారి నిమిరి వెళ్తాడు.

ఆ రోజు మాత్రం పట్నంలో పని నాది. అక్కడి వసతి కళాశాలలో నాకు సీటు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు లోపు ప్రవేశాల అధికారి చేత కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. పెట్టించుకోకపోతే ఆ సీటు జాబితాలో నా తర్వాతి అమ్మాయికి పోతుంది. మా ఊరి బడి పదో తరగతితో అయిపోతుంది. ఆపైన నాకున్నది ఆ సంతకమే.

పట్నం గంట ప్రయాణం. నాన్న ఏడున్నరకే సీట్లో కూర్చుని బండి ఆన్ చేశాడు. ఇంజన్ తిరిగింది. నాలుగు గీతలు, అయిదు, ఆరు. ఇంజన్ ఆగింది. ఏసీ రెండు గీతలు తినేసింది. ఇంజన్ మళ్ళీ తిరిగింది. నాలుగు, అయిదు, ఆరు. ఎనిమిది గంటల బస్సు మా ఇంటి ముందు నెమ్మదించింది, కండక్టర్ తల బయటపెట్టి చూశాడు. కారు ఉందిగా అన్నట్టు నాన్న దర్జాగా చెయ్యి ఊపి పంపేశాడు. ఆ తర్వాత మళ్ళీ బస్సు ఒంటిగంటకు.

తొమ్మిదింటికి ఇన్వర్టర్ బాబాయిని పిలిపించాడు. బాబాయి ఊళ్ళోని ఇన్వర్టర్లన్నీ బాగుచేస్తాడు. కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, కిందకి దూరి, మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు.

"అన్నా, చార్జింగ్ పెట్టే చోటే లేదు."

"లేకపోవడమేంట్రా? సరిగ్గా చూడు."

"చూశానన్నా! పెట్టడం మర్చిపోయారు."

"అంత పెద్ద కంపెనీవాళ్ళు మర్చిపోతారా?"

"మా మేస్త్రి వంటింటికి కిటికీ పెట్టడం మర్చిపోలేదూ? వాడూ పెద్ద మేస్త్రే."

కారుతో వచ్చిన పుస్తకం నాలుగు వందల ముప్పై ఆరు పేజీలు. ఇంట్లో దాన్ని చదివింది నేనొక్కదాన్నే. నిండా నిండితే బ్యాటరీ త్వరగా పాడవుతుందట. అందుకని కారే కాస్త ముందుగా ఆపేస్తుందని 214వ పేజీలో బొమ్మతో సహా ఉంది. ఈ సంగతి నాకు నాలుగు రోజులుగా తెలుసు. వచ్చిన చిక్కల్లా, నాన్న ఎదుటైనా కొత్తవాళ్ళ ఎదుటైనా నాకు మాట రాదు. పెద్దవాళ్ళకు ఏదైనా చెప్పడానికి మా బడిలో నేర్పింది ఒకటే పద్ధతి, సెలవు చీటీ. ఆ పద్ధతిలోనే రాసి అద్దం సందులోంచి లోపలికి అందించాను.

"గౌరవనీయులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది. మన కారు బ్యాటరీ ఎన్నటికీ పూర్తిగా నిండదనియు, అది జబ్బు కాదనియు, 214వ పేజీ ప్రకారం దాని అలవాటే అంత అనియు మనవి. కావున ఈ ఒక్క రోజుకు ఎనిమిదో గీతకు సెలవు మంజూరు చేయ ప్రార్థన. ఇట్లు, మీ విధేయురాలు."

నాన్న రెండుసార్లు చదివి, మడిచి, డాష్‌బోర్డు అరలో పెట్టాడు. "పరిశీలిస్తాం" అన్నాడు.

పరిశీలనకు కమిటీ ఏర్పడింది. అధ్యక్షురాలు నాయనమ్మ, సభ్యుడు బాబాయి. (అమ్మకు పని ఉంది కాబట్టి కమిటీలో చోటు దొరకలేదు.) నాయనమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని తెర వంక చాలాసేపు చూసి తీర్పు చెప్పింది.

"తిండి దగ్గర రెండు ముద్దలకు చోటు మిగుల్చుకోవాలిరా. అది బుద్ధిగా తింటోంది. నువ్వే కుక్కి కుక్కి పెడుతున్నావు."

"అమ్మా, ఇది బండి."

"బండైతే నడుపు మరి."

నాన్న తీర్పును మళ్ళీ పరిశీలనకు పంపాడు. ఈలోగా అమ్మ చీర మార్చుకుని వచ్చి, ముందు సీట్లో సంచీ పెట్టింది. టైము పది నలభై.

"కదులుతారా, పాలవాడి మోపెడ్ అడిగి పిల్లని నేను తీసుకుపోనా?"

నియమావళికి అప్పటికప్పుడు సవరణ జరిగింది. ఎనిమిది అన్నచోట ఆరు, తాత్కాలికంగా. బాబాయి సాంకేతిక సలహాదారు హోదాలో వెనక సీటు ఎక్కాడు, నాయనమ్మకూ నాకూ మధ్యన.

మా ఊరి రోడ్డు మీద గీతలు లేవు కాబట్టి స్టీరింగ్‌కు అభిప్రాయాలు లేవు. పెద్ద రోడ్డెక్కి తెల్లగీతలు కనపడగానే దానికి నోరొచ్చింది. నాన్న కాస్త పక్కకు జరిగి గీత దాటబోగానే స్టీరింగ్ చేతిలో వణికి, మెల్లగా వెనక్కి లాగింది.

"ఎవరది? ఎవరు లాగారు?"

"నేను వెనకున్నాను నాయనా" అంది నాయనమ్మ.

నాన్న అటు లాగాడు, అది ఇటు లాగింది. రెండు మైళ్ళ పాటు ఇద్దరూ మర్యాదగానే పోట్లాడుకున్నారు. "వచ్చి పదకొండు రోజులే, అప్పుడే ఎదురు తిరుగుతోంది" అన్నాడు నాన్న నొచ్చుకుంటూ.

"గీత దాటేటప్పుడు ఇండికేటర్ వేసి తిప్పండి. చెప్పి తిరిగితే అదేమీ అనదు" అంది అమ్మ.

"నీకెలా తెలుసు?"

"మీ కూతురు వంటింట్లో కూర్చుని పుస్తకమంతా చదివి వినిపించింది."

"మరి నాకు చెప్పదేం?"

"చెప్పిందిగా. డాష్‌బోర్డులో దాచుకున్నారు."

ఆ తర్వాత నాన్న తుమ్మొచ్చినా ఇండికేటర్ వేశాడు. స్టీరింగ్ కిక్కురుమనలేదు. అంతా సర్దుకుంది అనుకుంటుండగా వంతెన దిగుడులో నాన్న బ్రేకు నొక్కడం, ఏడో గీత వెలగడం ఒకేసారి జరిగాయి.

"అన్నా, ఏడు!" అని కేక పెట్టాడు బాబాయి. బ్రేకు వేస్తే బ్యాటరీ నిండుతుందని అందరికీ అర్థమైపోయింది. (215వ పేజీ.) అక్కణ్ణించి నాన్న ఖాళీ రోడ్డు మీద కూడా ప్రతి ఫర్లాంగుకూ బ్రేకు వేస్తూ వచ్చాడు. వెనక లారీ డ్రైవరు హారన్‌తో తన అభిప్రాయం చెప్పాడు. దాన్నీ పరిశీలనలో ఉంచారు.

కళాశాల గేటు చేరేసరికి పదకొండు యాభై రెండు. అభ్యర్థి ఒక్కరే లోపలికి వెళ్ళాలట. "గట్టిగా మాట్లాడమ్మడూ, భయపడకు" అన్నాడు నాన్న. ఆ మాట అంటూనే మళ్ళీ ఆరు గీతలకు పడిపోయిన తెర వంక దిగులుగా చూశాడు.

ప్రవేశాల గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల తుడుస్తున్న అటెండర్ కిటికీలోంచి వేలు చూపించాడు.

"సారు వెనక షెడ్డులో ఉన్నారు. పొద్దుట్నుంచీ అక్కడే."

పరిగెత్తాను. షెడ్డులో మా కారులాంటి కారే ఉంది, రంగు మాత్రం వేరు. తలుపు తెరిచి, ఒక కాలు బయటపెట్టుకుని, అధికారి తెర వంక రెప్ప వేయకుండా చూస్తున్నారు. కాగితం చాపాను.

"ఆగమ్మా, ఆరు దగ్గర ఆగిపోయింది."

ముక్కూ మొహం తెలియని మనిషితో నేను జీవితంలో మొదటిసారి నోరు విప్పాను. "సార్, అది నిండదు సార్. దాని అలవాటే అంత. 214వ పేజీలో ఉంది సార్."

ఆయన నన్ను జాలిగా చూశారు. "చిన్నపిల్లవి, నీకు తెలియదు. ఎనిమిది గీతలకు చోటు ఊరికే పెడతారా?"

"సంతకం సార్. పన్నెండు లోపు..."

"పెడతానమ్మా, ఎక్కడికి పోతాను? ఇంక రెండు గీతలే కదా. నిండగానే మొదటి సంతకం నీదే" అని భరోసా ఇచ్చి, కాలు లోపలికి తీసుకుని, చల్లదనం పోతోందని తలుపు వేసుకున్నారు.