పదో ప్రశ్నలో పడ్డ తవుడు తొట్టి

ఆ శుక్రవారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు ముగ్గురు: పదహారేళ్ళ చిగుసా, ఆమె మేనమామ మోరిహే, వంటింటి గట్టు కింద అమ్మమ్మ గారి తవుడు తొట్టి, అంటే పులిసిన ఉప్పు తవుడులో కూరగాయలు ఊరేసే తొట్టి. తొట్టిని కూడా మనుషుల్లో లెక్కేయడం ఆ ఇంటి పద్ధతి. అమ్మమ్మ కికునో ఎక్కడికైనా వెళ్తే ముందు తొట్టికి చెప్పి, ఆ తర్వాతే కొడుక్కి చెబుతుంది. సోమవారం నాడు తకెనో పట్నంలో చెల్లెలింటికి బయల్దేరుతూ దాన్ని మనవరాలికి అప్పగించింది.

"రోజుకోసారి చెయ్యిపెట్టి అడుగుదాకా కలుపు. మర్చిపోయావో, తవుడు చచ్చిపోద్ది. అరవై రెండేళ్ళ నాటిది. శనివారం సాయంత్రం వచ్చి వాసన చూస్తా."

చిగుసా తల ఊపింది. తల ఊపడంలో ఆమెకు ఆ ఊళ్ళో సాటి లేదు. నోరు తెరవాల్సి వస్తేనే చిక్కంతా. నోటితో అనలేనివన్నీ డైరీలో రాసుకుంటుంది కాబట్టి డైరీలు మాత్రం ఏడు నిండాయి.

ఇంటి ముందుగది ఇవసాకా ఊరి గ్రంథాలయం. మోరిహే దానికి అధికారి, గుమస్తా, ఊడ్చే మనిషి కూడా. ఆ ఏడు జిల్లాలోని ఎనభై ఆరు గ్రంథాలయాలు కలిసి ఒక ఉమ్మడి ప్రశ్నల కోశం కడుతున్నాయి. జనం వచ్చి ఏమడిగారో, జవాబు ఏ పుస్తకంలో ఎలా దొరికిందో ఎవరికి వారు కంప్యూటర్‌లో రాసిపెడితే, ఒకరు వెతికింది ఇంకొకరు మళ్ళీ వెతకక్కర్లేదు. తేలని ప్రశ్న పక్కన "సాయం కావాలి" అని గుర్తు పెడితే తక్కినవాళ్ళంతా తలో చెయ్యి వేస్తారు. ఒక్కో గ్రంథాలయం పది ప్రశ్నలివ్వాలి. జవాబూ ఆధారమూ లేనిది లెక్కలోకి రాదు. గడువు ఆ సాయంత్రం ఐదు గంటలు.

ఇవసాకాకి తొమ్మిది దొరకడమే గగనమైంది. అందులో మూడు "ఎలుగుబంటి కొండ దిగిందా?" అన్నవే. ఇంకొకటి "నా కళ్ళజోడు చూశారా?" అని ఒక పెద్దావిడ అడిగింది. ఆధారం: అడిగినవారి నెత్తి.

"పదోది ఎలాగైనా పట్టవే. ఒక్కటంటే ఒక్కటి," అని చెప్పి మోరిహే పాత పత్రికలు దించడానికి అటకెక్కాడు.

ఎవరూ రాలేదు. వంటింట్లోంచి వాసన మాత్రం వచ్చింది, గోడకి వేసే రంగు డబ్బా మూత తీసినట్టు. చిగుసా లోపలికి పరిగెత్తింది. తొమ్మిది ప్రశ్నలు టైపు చేసే ధ్యాసలో నాలుగు రోజులుగా ఆమె తొట్టి మూతైనా తీయలేదు. ఇప్పుడు తీస్తే పైనంతా తెల్లటి పొర, కింద తడితడి బూడిద రంగు. అందులో ఊరేసిన దోసకాయ ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేదు.

చేతిలో ప్రశ్న లేదన్న బెంగ ఆ క్షణంలో తీరిపోయింది.

ఫారం ముందు కూర్చోగానే ఆమెకి ధైర్యం వచ్చింది. అది డైరీలాగే ఉంది, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. "అడిగినవారు" అన్న చోట కళ్ళజోడు పెద్దావిడ తాలూకు "గృహిణి, డెబ్బై దాటినవారు" అన్న మాట అలాగే ఉండిపోయింది. మారువేషంగా పనికొస్తుందని దాన్ని ఉంచేసింది. కింద వివరాలు కుమ్మరించింది: అరవై రెండేళ్ళ తవుడు, దేవదారు తొట్టి, అంచుకి ఎడమపక్క అర్ధచంద్రంలా ఊడిన పెచ్చు. "ఇంటి పెద్దావిడకు తెలియకుండా రేపు సాయంత్రంలోగా బాగుపడాలి. తెలిస్తే నన్ను బయటికి నెట్టి తలుపేస్తుంది." వివరంగా రాస్తుందని బళ్ళో పంతులమ్మ మెచ్చుకునేది. ఆ మెప్పే కొంప ముంచింది. "సాయం కావాలి" నొక్కింది.

పదినిమిషాల్లో వంటింటి గుమ్మం పక్కనున్న ఫ్యాక్స్ గుర్రుమంది. సముద్రం ఒడ్డు గ్రంథాలయం వారి జవాబు: ఆవపొడి కలపాలి, ఫలానా పుస్తకం, నలభై మూడో పుట. చిగుసా కలిపింది. వెంటనే ఫోను మోగింది. "ఫ్యాక్స్ అందిందాండీ? ఇబ్బంది పెట్టినందుకు మన్నించాలి." చిగుసా ఫోన్లో కూడా తల ఊపింది. అవతలివాళ్ళు జవాబు రాలేదని మళ్ళీ పంపారు. ఆమె ఆవపొడి మళ్ళీ కలిపింది.

తర్వాత గుడ్డుపెంకులు వచ్చాయి. ఆ తర్వాత ఎండు సముద్రపు నాచు, పాత రొట్టె, తుప్పు మేకులు, మిగిలిపోయిన బీరు. అన్నిటికీ పుస్తకం పేరు, పుట సంఖ్య ఉన్నాయి. అచ్చులో ఉన్నదాన్ని కాదనే ధైర్యం చిగుసాకి ఏనాడూ లేదు. ఇంట్లో మిగిలిపోయిన బీరు లేదు కాబట్టి మావయ్య దాచుకున్న కొత్త సీసా మూత తీసి, అందులోంచి కొంచెం మిగిల్చి, తక్కినది పోసింది.

పన్నెండింటికి మురోయి గారొచ్చారు. ఊళ్ళో ముసలివాళ్ళ మంచిచెడ్డలు చూసే పెద్దమనిషి ఆవిడ. కేంద్ర గ్రంథాలయంలో ఎవరో ఆ ప్రశ్న చదివి కళ్ళు తుడుచుకుని, ఊరి ఆఫీసుకి ఫోను చేశారట. మోరిహే అటక మీంచి బూజుతో దిగాడు.

"మీ ఇంట్లో డెబ్బై దాటిన ఆడమనిషి ఎవరు?"

"మా అమ్మండి."

"ఆవిడ ఇప్పుడెక్కడ?"

"చెల్లెలింటికెళ్ళిందండి, సోమవారం."

"అయ్యో! అప్పుడే గెంటేశారా?"

"ఎవరండీ గెంటింది?"

"ఇంకెవరు, ప్రశ్నలో రాసిన ఇంటి పెద్దావిడ. మీ అమ్మకి అత్తగారు, మీ నాయనమ్మగారు."

"మా నాయనమ్మా! పోయి ముప్పై ఏళ్ళయిందండి!"

మురోయి గారు తలెత్తి గోడ మీది నాయనమ్మ పటం చూశారు. పటంలో కూడా ఆవిడ కోపంగానే ఉంది. "ఆవిడ పోయినా మీ అమ్మ ఇంకా వణికిపోతోందంటే, బతికుండగా ఎంత రాచి రంపాన పెట్టి ఉంటుంది!" అంటూ పుస్తకంలో రాసుకున్నారు. ఒక్క మాటతో ఇదంతా ఆపొచ్చని చిగుసాకి తెలుసు. ఆ మాట గొంతులో ఉంది. టీ తెచ్చే నెపంతో దాన్ని వంటింట్లోకి మోసుకుపోయింది.

గుమ్మం పక్కన ఫ్యాక్స్ మళ్ళీ గుర్రుమంటోంది. ఈసారి తకెనో పట్నపు గ్రంథాలయం.

"పుస్తకాల్లో సరైన జవాబు దొరకలేదు. ఇక్కడ పత్రిక చదువుకుంటున్న అనుభవజ్ఞురాలైన ఒక పెద్దావిడను అడిగాము. ఆమె జవాబు: పైన బొటనవేలంత లోతు తీసి పారెయ్యి. కొత్త తవుడు, ఉప్పు వెయ్యి. ఇంకేదీ, ఏదంటే ఏదీ వెయ్యకు. ఆ అర్ధచంద్రం పెచ్చు తుఫానొచ్చిన ఏడు తొట్టి నా చేతిలోంచి జారితే ఊడింది. రెండింటి బస్సుకొస్తున్నానని అడిగిన గృహిణికి చెప్పండి."

చిగుసా తొట్టి వంక చూసింది. తొట్టిలోంచి ఒక మేకు ఆమె వంక చూసింది.

రెండుంబావుకి అమ్మమ్మ భుజాన మూటతో దిగింది. మురోయి గారు ఎదురెళ్ళి ఆవిడ చేతులు పట్టుకున్నారు.

"మీకింక ఏ భయం లేదు కికునో గారూ. మీ అత్తగారి సంగతంతా మాకు తెలిసింది."

"మా అత్తా? ఆవిడే నాకు భయపడేది. మీరు టీ తాగేసి బయల్దేరండి, ఎండగా ఉంది."

మురోయి గారు వెళ్ళి, మోరిహే మళ్ళీ అటకెక్కాక అమ్మమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసి, తొట్టి మూత తీసింది.

"ఇది తవుడా, పెళ్ళి వంటా? రొట్టె ఎవరేశారే?"

"నలభై ఒకటో పుటలో..." అంది చిగుసా. ఆ రోజుకి అదే ఆమె మొదటి మాట. ఆ వెంటనే ఏడుపొచ్చింది. "అరవై రెండేళ్ళది. నేనే చంపేశాను అమ్మమ్మా."

అమ్మమ్మ అటక వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "ఊరుకో. కాపురానికొచ్చిన ఏడే నేను చంపాను. అత్తకి తెలీకుండా మా చెల్లెలి తొట్లోంచి తెచ్చి నింపాను. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు పోయింది. అరవై రెండేళ్ళు నిండింది చెక్కకే, తవుడుకి కాదు." భుజాన ఉన్న మూట విప్పింది. లోపల కమ్మటి వాసనతో తడి తవుడు. "ఈసారి కూడా నే వెళ్ళేముందే పోయిందిలే. అందుకేగా వెళ్ళింది!"

చిగుసా ఏడుపు ఆగిపోయింది. "మరి నన్నెందుకు కలపమన్నావు?"

"వచ్చాక ఎవర్నో ఒకర్ని తిట్టాలి కదే, లేకపోతే మీ మావయ్యకి అనుమానం రాదూ?" అని అమ్మమ్మ నిమ్మళంగా తొట్టి కడగడానికి కూర్చుంది.

నాలుగూ యాభైకి మోరిహే కేకేశాడు. "పదోది ఏమైందే? జవాబు, ఆధారం పూర్తి చెయ్యి!"

చిగుసా కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమెకి రాసేటప్పుడు సగం దాచడం చేతకాదు. డైరీలో అయితే అసలు దాచదు. బొటనవేలంత లోతుతో మొదలుపెట్టి, చెల్లెలి తవుడు దాకా, నాలుగు పాత చావుల దాకా, అనుమానం రాని మావయ్య దాకా అన్నీ రాసింది. ఆధారం: తొట్టి యజమానురాలు, నోటిమాట. నాలుగూ యాభై తొమ్మిదికి నొక్కింది. "పరిష్కారమైంది" అని తెర మీద పచ్చగా వెలిగింది.

ఐదూ పదికి ఇంకో ఊరి గ్రంథాలయం నుంచి ఫోను మోగింది. ఈసారి అమ్మమ్మ ఎత్తింది.

"తొట్టిగారు మీరేనాండీ? నాలుగుసార్లు చంపారని చదివి మా ఊరి ఆడవాళ్ళంతా ఎంత ఊరట పొందారో! ఇకమీదట ఎవరడిగినా మీ జవాబే చూపిస్తాం. ఎనభై ఆరు చోట్లా ఉంటుందిగా."

అమ్మమ్మ ఫోను పెట్టేసింది. తెర ముందు నిలబడి కొడుకు ఆ జవాబే చదువుతున్నాడు. "అమ్మా, అనుమానం రాని మావయ్యంటే నేనేనా?" అన్నాడు.

అమ్మమ్మ తొట్టి తీసి చిగుసా చేతుల్లో పెట్టింది. చిగుసాని భుజాలు పట్టి గుమ్మం దాటించింది. తలుపు దడేల్మని మూసింది. లోపల్నించి, "రోజుకి రెండుసార్లు కలుపు!" అని అరిచింది.

చిగుసా తొట్టి పక్కన చతికిలబడి ఆ మాట జేబులోని డైరీలో రాసుకుంది. ఆధారం: తలుపు అవతలి మనిషి, నోటిమాట.