నాలుగడుగుల అబద్ధం

ఆ రోజు పొద్దున ధన్‌రాజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. దుకాణం తెరవాలి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించాలి, బషీరాబాద్ నుంచి వచ్చే కందుల మూటలు దింపించుకోవాలి, మధ్యాహ్నం ఇంటికి పోయి అన్నం తిని, కూతురు వైశాలితో కాసేపు ఆడుకోవాలి. ఇందులో ఎవరికీ హాని చేసే సంగతి ఒక్కటీ లేదు. ఫోన్ ఎత్తకుండా ఉంటే ఆ రోజు అలాగే గడిచిపోయేది కూడా.

తాండూరు గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసే ధన్‌రాజ్‌కు పద్నాలుగు నెలల కూతురంటే ప్రాణం. ఆ ప్రేమను మనసులో దాచుకునే రకం కాదతను. పిల్ల బోర్లా పడితే స్టేటస్, పన్ను వస్తే స్టేటస్, తుమ్మితే స్టేటస్. పప్పు కోసం వచ్చినవాళ్లకు తూకం వేసేలోపు రెండు వీడియోలు చూపించేవాడు. "మస్తుందన్నా పాప" అనేదాకా సంచి చేతికిచ్చేవాడు కాదు. ఆ పోరు పడలేక కొందరు రెండు దుకాణాల అవతలికి పోయి పప్పు కొనుక్కునేవారు.

అలాంటివాడు నెల రోజులుగా చప్పబడిపోయాడు. పాప ఇంకా నడవలేదు. వికారాబాద్‌లో ఉండే తోడల్లుడు శ్రీకాంత్ కొడుకు నిఖిల్ వైశాలి కంటే చిన్నవాడు, వాడప్పుడే గోడ పట్టుకోకుండా నిలబడుతున్నాడట. గిరాకీ లేని వేళ ధన్‌రాజ్ ఫోన్‌లో 'పిల్లలు ఎప్పుడు నడుస్తారు' అని వెతికేవాడు. ఆ ఫోన్ ఒకసారి ధైర్యం చెప్పేది, ఇంకోసారి గుండె జారిపోయే జబ్బుల పేర్లు చెప్పేది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నప్పుడల్లా ఆ చిన్న పాదాలను మెల్లగా నొక్కి చూసేవాడు. ఈ భయం భార్య స్నేహలతతో అనలేదు, తల్లి గౌరమ్మతోనూ అనలేదు. నోటితో అంటే నిజమైపోతుందేమోనని దిగులు.

సరిగ్గా ఆ దిగులు మీదే శ్రీకాంత్ ఫోన్ చేశాడు.

"ఏం తమ్మీ, దుకాణం తెరిచినవా? మావోడు నిన్న ఇంట్లకెళ్లి వాకిట్లకు ఉరికిండు తెలుసా! పట్టుకునుడు మాతోని అయితలేదు. మరి మీ పాప?"

"బాగుందన్నా."

"బాగుందా అని కాదు, నడుస్తుందా అని అడుగుతున్న. ఏమనుకోకు గని, జర ఎవరన్న డాక్టర్‌కు చూపెట్టరాదు? గిట్ల ఆలస్యమైతే మంచిది కాదంటరు."

ధన్‌రాజ్‌కు ఒళ్లు మండింది. భయమూ రోషమూ ఒక్కసారే గొంతులోకి ఎక్కాయి. బయటికి వచ్చింది మాత్రం అబద్ధం.

"డాక్టరెందుకు? మా పాప మొన్ననే నడిచింది. నాలుగడుగులు!"

అవతల మాట పడిపోయింది. ఆ నిశ్శబ్దం చెవులకు ఎంత కమ్మగా తోచిందంటే, ధన్‌రాజ్ ఇంకొంచెం కలిపాడు. "వంటింట్లకెళ్లి హాల్ దాకా. ఎక్కడ పట్టుకోలే."

ఫోన్ స్పీకర్‌లో ఉందని అప్పుడు తెలిసింది. వదిన మహేశ్వరి గొంతు అదోలా వినిపించింది. "ఏందీ? నువ్వు చూసినవా?"

"నా కండ్లతోటి చూసిన వదినా."

ఆ వెనుక నుంచి ఇంకో గొంతు. మామ వీరేశం, పెద్దబిడ్డ ఇంటికి పొద్దున్నే చాయ్‌కి వచ్చి కూర్చున్నాడు. "అల్లుడూ! అడుగులు పడ్డయంటే అరిసెలు పెట్టాలె గదా! తల్లిగారింటికెల్లి నేనే తేవాలె. ఇప్పుడే రైలెక్కుతున్నం."

పిల్ల తొలి అడుగులు వేస్తే, కొత్త బట్ట మీద అరిసెలు వరుసగా పరిచి, వాటి మీద పిల్లను నడిపించి, ఊరంతా పంచిపెట్టాలి. అమ్మమ్మగారింటి ముచ్చట అది. వైశాలి అమ్మమ్మ లేదు కనుక ఆ బరువంతా వీరేశం ఒక్కడే మోస్తున్నాడు. బియ్యం నానబెట్టి, దంచి, పాకం పట్టే తీరిక లేదని దారిలో స్వీట్‌హౌస్‌లో కొంటానన్నాడు. ధన్‌రాజ్ నోరు తెరిచేలోపు ఫోన్ పెట్టేశాడు.

పక్క దుకాణం బాల్‌రాజ్ గోడకు చెవి పెట్టి వినలేదు, అవసరం లేదు, ధన్‌రాజ్ మాట్లాడితే గంజ్ సగం వింటుంది. "ఏం సేటూ, పాప నడిచిందా? చెప్పవేందే!" అంటూ వచ్చి కౌగిలించుకున్నాడు. ధన్‌రాజ్ నీళ్లు నమిలేసరికి, సంతోషంతో మాట రావడం లేదనుకున్నాడు ఆ మహానుభావుడు. వెంటనే వ్యాపారుల గ్రూపులో పెట్టాడు. పెట్టి ఊరుకున్నా బాగుండేది. తన తమ్ముడి టెంట్‌హౌస్‌కు ఫోన్ చేసి, ధన్‌రాజ్ ఇంటి ముందు షామియానా వేయించమని, కుర్చీలు కూడా పంపమని చెప్పాడు.

ధన్‌రాజ్ వీరేశానికి ఫోన్ చేశాడు. "మామా, ఇయ్యాల వద్దు. పాపకు జలుబు చేసింది."

"చేస్తది, ఎందుకు చెయ్యదు?" అన్నాడు వీరేశం. "నడిచిన పిల్లకు దిష్టి తగిలింది. నువ్వేమో ప్రతిదీ ఫోన్‌ల పెడితివి. అమ్మకు చెప్పి దిష్టి తీపియ్యి. ఆగు, నేనే చెప్త."

"మామా, వద్దు…" అనేలోపు లైను పోయింది. ఒక్క అబద్ధం ఆపడానికి ఇంకో అబద్ధం పంపితే, రెండూ చేతులు పట్టుకొని ఇంటి దారి పట్టాయి. ధన్‌రాజ్ మూటల సంగతి దుకాణంలో పనిమనిషికి అప్పజెప్పి స్కూటర్ ఎక్కాడు. అతిథులు వచ్చేలోపు పాపను నడిపించాలి. వేరే దారి లేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే దగ్గు వచ్చింది. ఇల్లంతా మిరపకాయల ఘాటు. గౌరమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న పాప ఇప్పుడు నిజంగానే తుమ్ముతోంది. వంటింటి గడపలో అత్తాకోడళ్లు గుసగుసలాడుకుంటూ అతన్ని చూసి గప్‌చుప్ అయ్యారు.

"నువ్వు చూసినవా?" అంది గౌరమ్మ.

"చూసిన."

"ఎప్పుడు చూసినవ్ రా?"

"మొన్న. గీ హాల్లనే."

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్నేహలత మొహంలో రంగు పోయింది. దొరికిపోయానని ధన్‌రాజ్‌కు అర్థమైంది. పొద్దంతా పిల్లతో ఉండేది వాళ్లు, వాళ్లు చూడని నడక తను ఎట్లా చూస్తాడు? అయినా ఇద్దరూ ఒక్క మాట అనలేదు. మగవాడి పరువు పోకుండా కాపాడుతున్నారనుకున్నాడు. ఆ మంచితనానికి అతనికి కళ్లు చెమర్చాయి. కొంత మిరపకాయల వల్ల కూడా.

"మంచిగైంది. ఇగ దాచుడెందుకు? మామను రానియ్యి," అంది గౌరమ్మ, పళ్లు బిగించి.

ఆ మాటలో ఉన్నది కోపమా జాలా తేల్చుకునే తీరిక లేదు. ధన్‌రాజ్ పాపను పడకగదిలోకి తీసుకుపోయి తలుపు వేశాడు. గోడకు ఆనించి నిలబెట్టి, అడుగు దూరంలో తను కూర్చొని చేతులు చాచాడు. "రా నా తల్లి, రా నా బంగారం." పాప అతని మొహం చూసింది, చతికిలబడింది, కుడిచెయ్యి ముందుకు చాపింది. తాళాల గుత్తి ఊపాడు. మళ్లీ నిలబెట్టాడు. చతికిలబడి చెయ్యి చాపింది. పటికబెల్లం చూపించాడు. కూర్చునే చెయ్యి చాపింది. చేతులు జోడించి దండం కూడా పెట్టాడు. పాప దాన్ని బాగా ఇష్టపడింది, నవ్వింది, లేవలేదు.

ఆ పాదాలు చేతుల్లోకి తీసుకున్నప్పుడు ధన్‌రాజ్‌కు నిజంగా ఏడుపొచ్చింది. పరువు సంగతి పక్కకు పోయింది. నిలబెడితే నిలబడుతుంది, వెంటనే కూలబడుతుంది. కాళ్లలో బలం లేదా? దేవుడా, నా బిడ్డకు ఏం కాకూడదు, ఊరంతా నా మీద నవ్వినా సరే.

రైలైనా ఆలస్యం కావాలని మొక్కుకున్నాడు. కాలేదు. వీరేశం కొత్త ధోవతిలో, అరిసెల డబ్బాలతో ఆటో దిగాడు. వెనక శ్రీకాంత్, మహేశ్వరి. ఇంట్లోంచి వాకిట్లోకి ఉరికే నిఖిల్ మాత్రం తల్లి చంక దిగకుండా మెడ కరుచుకొని ఉన్నాడు. షామియానా కింద గంజ్ వ్యాపారులు, గల్లీ ఆడవాళ్లు. బాల్‌రాజ్ అందరికీ తనే చాయ్ పోయిస్తున్నాడు.

మహేశ్వరి దిగీ దిగగానే చెల్లెల్ని పక్కకు లాగింది. "ఎవరు చెప్పిన్రే?" అని అడగడం ధన్‌రాజ్ చెవిన పడింది. స్నేహలత తల అడ్డంగా ఊపింది. తన అబద్ధం గురించే ఇంటింటా విచారణ జరుగుతోందని అతను ఇంకా కుంచించుకుపోయాడు.

హాల్లో ఎర్ర పట్టుబట్ట పరిచారు. దాని మీద అరిసెలు వరుసగా పేర్చారు. పాపకు పట్టులంగా, కాళ్లకు పట్టీలు. శ్రీకాంత్ ఫోన్ ఎత్తి వీడియోకు సిద్ధంగా ఉన్నాడు. "ఊ, తమ్మీ, ఇడువు!"

ధన్‌రాజ్ పాపను మొదటి అరిసె మీద నిలబెట్టి చేతులు వదిలాడు. పాప తల తిప్పి తండ్రిని చూసింది. చూసి, అరిసె మీదే కూర్చుంది. చెయ్యి చాపింది.

"కొత్త మనుషులు గదా, సిగ్గు," అన్నాడు వీరేశం.

మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ కూర్చుంది. మూడోసారికి అరిసె పొడి పొడి అయింది. గౌరమ్మ ఏదో అనబోయి, వియ్యంకుణ్ణి చూసి ఆగిపోయింది. శ్రీకాంత్ ఫోన్ దించి చిన్నగా నవ్వాడు. "వంటింట్లకెళ్లి హాల్ దాకా అంటివి గద తమ్మీ?"

ధన్‌రాజ్ పాపను ఎత్తి గుండెకు అదుముకున్నాడు.

"మామా, పాప నడువలే. నేను అబద్ధమాడిన. అన్న ముంగట చిన్నతనమైతదని ఆడిన. నెల రోజుల సంది నాకు భయమైతుంది మామా. నా బిడ్డ కాళ్లకు ఏమన్న అయ్యిందేమో. రేపే డాక్టర్ దగ్గరికి తోల్కపోదాం. నవ్వేటోళ్లు నవ్వున్రి, నాకు ఫికర్ లేదు."

ఎవరూ నవ్వలేదు. శ్రీకాంత్ తల దించుకున్నాడు. స్నేహలత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అంటే మీరు చూడలేదా?" అంది గుడ్లప్పగించి.

గౌరమ్మ లేచి కొడుకు చేతుల్లోంచి పాపను తీసుకుంది. "నువ్వు జర బయటికి పో రా."

"అమ్మా, నేను చెప్పేది…"

"పొమ్మన్ననా లేదా? బయటికి పోయి బండి చాలు చెయ్యి. సప్పుడు ఇనపడాలె."

ఇంత అవమానం తర్వాత తల్లి ఇంట్లోంచి గెంటేస్తోందనుకున్నాడు. బయటికి పోయి, షామియానా కింద జనం చూస్తుండగా స్కూటర్ స్టార్ట్ చేశాడు. ఎక్కి ఎక్కడికి పోవాలో తెలియక, కిటికీలోంచి లోపలికి చూశాడు.

"డాడీ పోయిండు బిడ్డా," అంటోంది గౌరమ్మ.

పాప గుమ్మం వైపు చూసింది. లేచింది. నడిచింది. నాలుగడుగులు కాదు. అరిసెల వరుస మొత్తం తొక్కుకుంటూ పోయింది, శ్రీకాంత్ మోకాళ్లు చుట్టి వచ్చింది, వంటింటి గడప దాటి లోపలికి పోయి గిన్నె మూత పట్టుకొని తిరిగొచ్చింది. ఎక్కడా తూలలేదు. పట్టీలు ఘల్లుఘల్లుమంటున్నాయి. ఆగకుండా కొట్టుకుంటున్న స్కూటర్ పక్కన నిలబడి, ధన్‌రాజ్ కిటికీ చువ్వలు పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మూడు వారాలాయె నడువవట్టి," అంది గౌరమ్మ, అతను లోపలికి పరుగెత్తుకొచ్చాక. "బోర్లా పడ్డనాడు ఫోన్‌ల పెట్టినవ్, రెండ్రోజులు జ్వరం. పన్నొచ్చిననాడు పెట్టినవ్, మంచం మీదికెళ్లి పడ్డది. నడక గూడ పెడితే ఏమైతదో అని మేమే దాచినం. అనంతగిరి పద్మనాభస్వామి ముంగట నడిపిచ్చినంక నీకు చెప్దామనుకున్నం. నీ బండి సప్పుడైతే కూసోవాలె, నువ్వు కనవడితే కూసోవాలె, కూసుంటే బిస్కట్. గట్ల నేర్పినం. నువ్వు చూసినా అంటే, ఇద్దరిల ఎవరో ఒకరం చెప్పినమని మాలో మేమే కొట్లాడుకుంటున్నం."

"చూసినోడు స్టేటస్ పెట్టకుండ ఉంటడా? అప్పుడే నాకు అనుమానమొచ్చింది," అంది స్నేహలత కళ్లు తుడుచుకుంటూ. "మీరు గింత భయపడుతున్నరని నాకెట్ల తెలుస్తది? ఒక్క మాట నాతో అనొద్దా?"

శ్రీకాంత్ మహేశ్వరి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు. నీకు చెప్తే ఆయనకు చెప్పకుండ ఉంటవా?"

గుమ్మంలో ఉన్న గల్లీ ఆడవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. బాల్‌రాజ్ తన భార్య వైపు చూశాడు. ఆమె షామియానా గుడ్డ చాలా బాగుందన్నట్టు పైకి చూస్తోంది. వీరేశం ఒక్కడే నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకొని, పొడి కాని అరిసె ఒకటి వెతికి అల్లుడి నోట్లో పెట్టాడు.

ధన్‌రాజ్‌కు కోపం రావాలి. రాలేదు. నా బిడ్డ నడుస్తోంది అన్న మాట ఒక్కటే లోపల తిరుగుతోంది. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి పోయింది, ఫోన్ సగం బయటికొచ్చింది. హాల్లోని ఆడవాళ్లందరూ అతని చేతి వైపే చూశారు. ఫోన్ మళ్లీ లోపలికి పోయింది.

అతిథులు అరిసెలు పంచుకొని తింటుండగా, పాపను ఒళ్లో పెట్టుకొని అతను మెల్లగా అడిగాడు. "సరే, అయిందేదో అయింది. ఇంకేమన్న దాచిన్రా? ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి. మాటలేమన్న వచ్చినయా పాపకు?"

గౌరమ్మకు దేవుడి దగ్గర దీపం, స్నేహలతకు పొయ్యి మీది పాలు ఒకేసారి గుర్తొచ్చాయి.