పెరట్లో పారిన లావా

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, నందికొట్కూరు హైస్కూలు సైన్సు మాస్టరు దేవేంద్రప్ప ఒక మంగళవారం పొద్దున్నే లేచి పెరట్లో అగ్నిపర్వతం కట్టాడు. ఎర్రమట్టి కొండ, దాని ఒంటి మీద లోయ, లోయకు అడ్డంగా ఒక గట్టు, గట్టు వెనకాల అగ్గిపెట్టెలతో ఒక ఊరు, అన్నిటికన్నా కింద సముద్రం పేరుతో ఒక ఇత్తడి తాంబాళం. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వెంకటేశ్వర్లు గారు వస్తున్నారు. పాఠం ఆయనకు నచ్చితే ఉద్యోగం ఖాయమవుతుంది. నచ్చకపోతే వేసవి సెలవులతో సరి.

ఇక లావా కావాలి. బడికి మోసుకుపోతే దారిలోనే గడ్డకడుతుందని ఇన్‌స్పెక్టరునే ఇంటికి పిలిచాడు. వాళ్లమ్మ సంతోషమ్మతో, "అమా, పెద్దాయన వస్తాండాడు, బెల్లం పాకం చెయ్యి" అని మాత్రం చెప్పాడు. ఎందుకో చెప్పలేదు.

పెద్దాయన వస్తుంటే పాకం ఎందుకో ఆమెకు వేరే చెప్పాలా? వేరుశనగ ఉండలకే. గుండిగ నిండా ముదురు పాకం తీసి, పెరట్లో దించి, బుడ్డలు, అదే వేరుశనగ గింజలు, వేయించడానికి లోపలికి పోయింది.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటూనే వచ్చారు. గుంటూరు వైపు మనిషి, ఎండకు వాడిపోయి ఉన్నారు. "కర్నూలు బస్సు వచ్చేస్తుందండీ మాస్టారూ. ఓసారి చూసేసి వెళ్లిపోతాను."

"అట్లే సార్. ముందు సల్లగా కూర్చోండి."

ఆ ఎండల్లో ఇంటికొచ్చిన వాళ్లను నీళ్ల కుండల దగ్గర కూర్చోబెట్టడం మర్యాద. పెరడు కడిగిన నీళ్లన్నీ చివరికి అక్కడికే చేరతాయి కాబట్టి అక్కడి బేతంచెర్ల బండలు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. దేవేంద్రప్ప పీట సరిగ్గా అక్కడే వేశాడు. ఇన్‌స్పెక్టరు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పంచె అంచు బండ మీద పరుచుకుంది.

"లావా గుడ్డిది కాదు సార్." దేవేంద్రప్ప గుండిగను గుడ్డతో పట్టుకుని కొండ కొసన వంచాడు. "నేల యాడ దారిస్తే ఆడికే పోతాది. లోయ దొరికింది, దూరింది. నిటారుగా ఉంటే ఉరుకుతాది, మట్టంగా ఉంటే నింపాదిగా పరుచుకుంటాది. ఇదో, గట్టు అడ్డమొచ్చింది, రెండుగా చీలింది. ఎనకాల ఊరు బతికిపోయింది."

అన్నీ చెప్పినట్టే జరిగాయి. సముద్రం నిండింది. సముద్రం పొర్లింది. పాఠం ఊపులో దేవేంద్రప్ప వంచుతూనే ఉన్నాడు. కొండ గురించి అంత తెలిసినవాడికి కొండ కింద ఉన్న సొంత పెరటి వాలు గుర్తు రాలేదు. పాకం బండల సందులు పట్టుకుని కుండల వైపు బయలుదేరింది.

అంతలో సంతోషమ్మ చేటలో వేయించిన బుడ్డలతో వచ్చింది. "పాకం యాడరా?"

"అది పాకం కాదమా, లావా."

"ఏదైతే ఏమి, యాడుండాది?"

బయట బస్సు హారను మోగింది. ఇన్‌స్పెక్టరు లేవబోయి మళ్లీ కూలబడ్డారు. "మాస్టారూ, వెనక నన్నెవరో పట్టుకున్నారండీ."

సంతోషమ్మ పరుగెత్తింది. కాలు అతుక్కుంది, చేట ఎగిరింది, బుడ్డలన్నీ ఇంకా ముందుకు పారుతున్న పాకానికి అడ్డంగా కుప్పపడ్డాయి. బస్సు వెళ్లిపోయింది. దానితోపాటు తన ఉద్యోగం కూడా వెళ్లిపోయిందనుకున్నాడు దేవేంద్రప్ప.

"వేన్నీళ్లు కాచేదాకా కదలొద్దు నాయనా" అంది సంతోషమ్మ.

కదలలేని మనిషికి చూడడం తప్ప పనేముంది. ఇన్‌స్పెక్టరు పాకం వచ్చిన దారంతా చూశారు. "ఈ బండ కాస్త పైకి లేచుంది, అందుకని పక్కకు తిరిగింది. ఈ సందులో సన్నగా సాగింది. ఇక్కడ పల్లం, చెరువైంది. చెరువులో నేను. మీరు చెప్పిందే కదండీ. మరి అక్కడెందుకు ఆగింది?"

"బుడ్డలు అడ్డం పడినాయి సార్."

ఇన్‌స్పెక్టరు చెయ్యి చాపి, పాకం బుడ్డలతో కలిసి గడ్డకట్టిన చోట ఒక ముక్క విరిచారు.

"పొద్దున్నే కడిగిన బండలే, తిను నాయనా."

తిన్నారు. ఇంకో ముక్క విరిచారు. "ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను గానీ, పాఠం మొదట్నుంచీ చెప్పండి మాస్టారూ."

వేన్నీళ్లు కాగి చల్లారినా ఆయన లేస్తాననలేదు.

దేవేంద్రప్ప ఆ బడిలోనే స్థిరపడ్డాడు. లావా పాఠం రోజున మాత్రం పిల్లలు పుస్తకం మరిచినా గిన్నె మరవరు.