దంతవైద్యశాలలో దయ

పొద్దున్నే పన్ను పీకించుకుని, మధ్యాహ్నం ఓ కునుకు తీసి, మర్నాడు హాయిగా కచేరీ చేయాలన్నది ఫిడేలు మాస్టారి పథకం. పన్ను పోటుతో రెండు రోజులుగా కమాను పడితే చాలు, అపస్వరమే. అందుకే అందరికంటే ముందుగా డాక్టరమ్మ గుమ్మంలో వాలారు.

తీరా లోపల పళ్ళెంలో పట్టకార్లు గలగలమనేసరికి ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. పక్కన దవడ పట్టుకుని కుట్టుమిషనావిడ కనిపించింది.

"ముందు మీరు వెళ్ళండమ్మా. ఇంటి దగ్గర సవాలక్ష పనులుంటాయి."

"ఎంత మంచివారండీ!" ఆవిడ కళ్ళొత్తుకుని, వెంటనే వెనకనున్న వెల్డింగ్ మేస్త్రి వైపు తిరిగింది. "మాస్టారు నాకిచ్చారు, నేను నీకిస్తున్నా. వెళ్ళు తమ్ముడూ."

కొండంత మేస్త్రి ముఖం పాలిపోయింది. "నాకంత భాగ్యం వద్దక్కా. పెద్దవారు, మాస్టారే వెళ్ళాలి!"

నర్సు "తర్వాతెవరు?" అని అరిచినకొద్దీ ముగ్గురికీ ఔదార్యం పొంగిపొర్లింది. ఎవరూ రావడం లేదని డాక్టరమ్మ సంచి సర్దుకుంది. "ఇక సోమవారమే!"

సోమవారమంటే మాస్టారి కచేరీ గోవిందా! అప్పుడు మూల బెంచీ మీది మామ్మ లేచింది. కట్టుడు పళ్ళ కొలతకొచ్చిన ఆవిడ నోట్లో పీకడానికి ఒక్క పన్నూ లేదు.

"సంచి దించమ్మా డాక్టరమ్మా. వీళ్ళది దయ కాదు, భయం! పద నాయనా, నా చెయ్యి పట్టుకో."

పన్ను ఊడింది. మాస్టారు నొక్కిన నొక్కుడుకు మామ్మ వేళ్ళు కందిపోయాయి. ఆవిడ కిక్కురుమంటే ఒట్టు. ఆయన చేతులు జోడించబోతే కసిరింది. "నాకెందుకయ్యా దణ్ణాలు? తర్వాతవాడికి నీ చెయ్యివ్వు."

తర్వాతవాడు మేస్త్రి. కుర్చీ చేతుల్ని పిడికిళ్ళతో బిగించి పట్టుకున్నాడు. ఆ పిడికిలి చూసి మాస్టారు తన వేళ్ళకేసి చూసుకున్నారు. తెల్లారితే కచేరీ.

"వద్దులెండి మాస్టారూ, మీ వేళ్ళు నలిగిపోతాయి. నేను సోమవారం వస్తా."

"నోరు తెరువు," అన్నారు మాస్టారు, బుగ్గలో దూదితోనే, చెయ్యి చాచి.

ఆ తర్వాత కుట్టుమిషనావిడ గోళ్ళు దిగినా మేస్త్రి చెయ్యి కదల్చలేదు.

మర్నాడు కచేరీలో ఫిడేలు శిష్యురాలు వాయించింది. మాస్టారు పక్కన కూర్చుని, వాపు లేని రెండో చేత్తో తొడ మీద తాళం వేశారు.