గిటార్‌లో షార్ట్ సర్క్యూట్

ఆ శుక్రవారం పొద్దున రామబ్రహ్మం పెట్టుకున్న పని ఒక్కటే. ములక్కాడల పులుసు కాచి, మధ్యాహ్నం ఇంటికొచ్చే కూతురికి వడ్డించి, ఆమెతో పాటు గచ్చిబౌలిలోని ఆఫీసుకు వెళ్లడం. ఆఫీసు వార్షికోత్సవంలో రసజ్ఞ మొదటిసారి స్టేజీ మీద ఒంటరిగా గిటార్ వాయించబోతోంది. ఎన్నో నెలలుగా తలుపు వేసుకుని సాధన చేసింది. నిన్న రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"ఆఫీసులో స్పీకరు దింపేసి వస్తా నాన్నా. రెండూ ఒకేసారి స్కూటీ మీద పట్టవు. నేనొచ్చేదాకా గిటార్‌ని ముట్టుకోకు," అంది చెప్పులేసుకుంటూ.

"నేనెందుకు ముట్టుకుంటానమ్మా?"

"మిక్సీనెందుకు ముట్టుకున్నావో, అందుకే."

మిక్సీ సంగతి రామబ్రహ్మం ఒప్పుకోడు. ఆయన బాగు చేశాక అది తిరిగింది. కాకపోతే పచ్చడిని సీలింగుకి పంపింది.

పులుసు మరుగుతుండగా ఆయన హాల్లోకి వచ్చాడు. బాల్కనీ ఎండ సోఫా మీదున్న గిటార్ మీద పడి, బుజ్జిగా మెరుస్తోంది. దాని గుండీల్లో ఒకటి మిగతా వాటికన్నా ఎత్తుగా ఉంది. వేలితో నొక్కాడు. టక్కుమని దిగింది. లాగాడు. లేచింది.

లూజు!

జీడిమెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీలో కాయిల్స్ తనిఖీ చేసి రిటైరైన మనిషికి, లూజు కనిపించాక చేతులు కట్టుకుని కూర్చోవడం రాదు. 'ముట్టుకోవద్దంది నిజమే. లూజుగా ఉందని తెలిస్తే అలా అనేది కాదు' అని తనకు తాను నచ్చజెప్పుకుని, స్టవ్ ఆపి, గిటార్ వెనక మూత విప్పి మీటరు పెట్టాడు.

తీగల కింద ఉన్న రెండు కాయిల్స్‌లో ఒకటి, గుండీ లేపగానే నేరుగా ఎర్త్ అయిపోతోంది. కంపెనీలో అలాంటి కాయిల్ దొరికితే, దాన్ని చుట్టినవాణ్ణి పిలిచి అందరి ముందూ నిలబెట్టేవారు. "అయ్యో తల్లీ, సగం చచ్చిన గిటార్‌తో స్టేజీ ఎక్కబోయావా!" అనుకుని, ఎర్త్ వైపు పోయే వైర్లన్నిటినీ ఊడబెరికాడు.

అప్పుడే ఎదురు ఫ్లాటు నర్సింహ కరివేపాకు కోసం వచ్చాడు. ఖాజాగూడ సొంతూరు. బోనాలకీ పెళ్లిళ్లకీ సౌండు బాక్సులు కిరాయికిస్తాడు.

"ఏంది సార్, గిట్ల కడుపు కోసి పెట్టిండ్రు?"

"ఆపరేషన్ అయిపోయిందండి. మోగించి చూద్దామంటే అమ్మాయి స్పీకరు ఆఫీసులో ఉంది."

"గంతేనా! ఫికర్ జెయ్యకుండ్రి. నా డబ్బా ఉంది గద."

నర్సింహ దొర్లించుకుంటూ తెచ్చిన డబ్బా రామబ్రహ్మం భుజాల దాకా ఉంది. వైరు గుచ్చి, స్విచ్ వేశారు. ఎర్త్ లేని గిటార్ "బొయ్య్" మని రంకె వేసింది. రామబ్రహ్మం కంగారుగా తీగలు పట్టుకున్నాడు. రంకె పెరిగింది. వదిలాడు. తగ్గింది. ఎందుకైనా మంచిదని మళ్లీ పట్టుకున్నాడు. అలా లేస్తూ పడుతూ వచ్చిన ఆ మోత టవరంతా తిరిగింది.

"బంద్ జెయ్యుండ్రి సార్!" అని నర్సింహ వైరు పీకాడు. అంతలో ఎవరో తలుపు దబదబా బాదారు.

"సార్, సైరన్ మోగింది! మంటలంట! మెట్ల మీదికెళ్లి దిగుండ్రి!" వాచ్‌మన్ చంద్రయ్య అరుస్తూ పై అంతస్తుకు పరిగెత్తాడు.

టవర్లో ఎక్కడో షార్ట్ సర్క్యూట్ అన్నమాటే! రామబ్రహ్మం ఇంకేమీ ఆలోచించలేదు. మూత లేని గిటార్‌ని చంటిపిల్లలా గుండెలకి హత్తుకుని మెట్లు దిగాడు.

కింద లాన్ నిండిపోయింది. ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు లాప్‌టాప్‌లు అరచేతుల్లో పెట్టుకుని, పైన కోటు, కింద లుంగీతో మీటింగులు కొనసాగిస్తున్నారు. వీరలక్ష్మి గారు కుక్కరుతో సహా దిగింది. "రెండు విజిల్సే వచ్చాయండీ, మూడోది ఎక్కడ పెట్టించను?" అని కనబడినవారినల్లా అడుగుతోంది. ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి రామబ్రహ్మానికి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది. ఇన్నేళ్లలో టవరంతా ఒకరి మొహాలొకరు చూసుకోవడం అదే మొదటిసారి.

"పొగ లేదు, మంట లేదు. సైరన్ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అసోసియేషన్ సెక్రటరీ ఉదయ్ భాస్కర్ మైకులో అడిగాడు.

నర్సింహ రామబ్రహ్మం చెవి దగ్గరకు వంగాడు. "సార్, గా సైరన్ మనదే."

రామబ్రహ్మం నీళ్లు గుటకేసే లోపల గేటు దగ్గర స్కూటీ పడేసిన చప్పుడైంది. రసజ్ఞ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"నాన్నా! నీకేం కాలేదు కదా?"

"ఏం కాలేదమ్మా."

ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. తర్వాత గిటార్‌ని చూసింది. పొట్ట తెరుచుకుని, రంగురంగుల తీగలు వేలాడుతున్నాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకో రెండు గంటల్లో వాయించాలి నాన్నా."

తప్పు కప్పుకోవాలంటే గొంతు పెంచడమే మార్గమనిపించింది రామబ్రహ్మానికి. "నా తప్పేం లేదు! మంచి కాయిల్‌ని ఎర్త్ చేసి పారేశాడే, వాడిది! అసలా టంకం చూడండి, పిచ్చుక రెట్టలా! ఏ తలమాసినవాడు పెట్టాడో గాని, వాణ్ణి తెచ్చి ఇక్కడ నిలబెట్టండి!"



"నిలబడే ఉన్నాను," అంది రసజ్ఞ.

ఆయన చూపు గిటార్ మీంచి కూతురి మీదికి మళ్లింది.

"నేనే పెట్టాను. వీడియోలు చూసి నేర్చుకున్నా. నీ పాత పనిముట్ల పెట్టెలోని టంకం ఐరన్‌తోనే. అది తప్పు కాదు నాన్నా, కావాలనే చేశా. రెండు కాయిల్సూ కలిసి పాడితే గొంతు బొద్దుగా ఉంటుంది. గుండీ లేపి ఒకదాన్ని నిద్రపుచ్చితే సన్నబడుతుంది. రెండో పాటకి ఆ సన్న గొంతే కావాలి." "టంకం మరీ అంత ఘోరంగా ఉందా?" అని అడిగింది.

రామబ్రహ్మం కళ్లద్దాలు తీసి తుడిచి, గిటార్ లోపలికి మళ్లీ చూశాడు.

"లేదమ్మా. కొత్తలో నాదీ ఇలాగే ఉండేది."

"ఇగ ఏడుపులు తర్వాత," అన్నాడు నర్సింహ. "టైం లేదు. ఐరన్ ఏడ పెట్టిండ్రు సార్?"

ఉదయ్ భాస్కర్ క్లబ్ హౌస్ తాళం తీశాడు. సంగతి తెలిసి ఆయనకి కోపం రాకపోవడమే గొప్ప అనుకుంటే, పైగా "డ్రిల్ బాగా జరిగిందండీ" అని మైకులో ప్రకటించి అందర్నీ పైకి పంపేశాడు. క్లబ్ హౌస్ టేబుల్ మీద కూతురు తీగ చూపిస్తుంటే తండ్రి అతికాడు. చివరి తీగ దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"దీన్ని నా చేతులతోనే ఎర్త్ చెయ్యమంటావా?"

"చెయ్యి నాన్నా."

"పాపం తగులుతుందే."

"సగం నాకు."

కళ్లు మూసుకుని టంకం వేశాడు.

ఆ మధ్యాహ్నం స్టేజీ మీద రసజ్ఞ రెండో పాటకి ముందు గుండీని టక్కుమని లేపింది. గిటార్ గొంతు సన్నబడి, పలచటి గాజుల్లా గలగలమంటూ హాలంతా పాకింది. పాట అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రామబ్రహ్మం కూడా లేచాడు. కళ్లు తుడుచుకుని, ఎందుకైనా మంచిదని హాల్లో మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఒకసారి చూసిపెట్టుకున్నాడు.