ఒక్క గుక్కలో నాలుగు మాత్రలు

ఆ ఉదయం దర్జీ ఇంట్లో మిషను చప్పుడు కన్నా ముందు టీగిన్నె చప్పుడు వినిపించింది. బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పే అతని భార్యను వీధంతా పంతులమ్మ అంటుంది. పరగడుపున థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్నం ఐరన్, రాత్రి కాల్షియం ఆమెకు అలవాటు. ముందురోజు ఐరన్ మరిచిపోయింది.

"ఇవాళ్టి నుంచి నీ మందుల పూచీ నాది. మూడూ ఒకేసారి మింగెయ్, మరిచే పనే ఉండదు," అంటూ దర్జీ చిక్కటి టీ అందించాడు.

ఆమె ఏదో అనబోయి, గ్లాసు వంక చూసి, మింగేసింది.

రెండు నెలలు తిరిగేసరికి పంతులమ్మ మూడు మెట్లెక్కితే రొప్పసాగింది. ఓపిక వస్తుందని దర్జీ ఇంకో చెంచా టీపొడి దట్టించాడు. గుండెల్లో మంటంటే ఎసిడిటీ మాత్రనూ ఆ గుప్పెట్లోనే చేర్చాడు. ఆస్పత్రిలో పరీక్ష చేయిస్తే రక్తం మరీ తగ్గిందని తేలింది. డాక్టరమ్మ థైరాయిడ్ మోతాదు పెంచింది. దర్జీ శ్రద్ధ పెంచాడు.

ఒకరోజు పంతులమ్మ పాఠం మధ్యలో కుర్చీలో కునికింది. హెడ్మాస్టరు మర్యాదగానే ఆ తరగతిని ఇంకొకరికి అప్పగించాడు. ఇంటికొచ్చి ఆమె సుద్దముక్కల డబ్బా అలమరలో పెట్టేసింది. దర్జీకి ఆ పూట సూదిలో దారం ఎక్కలేదు.

మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. "అసలు మందులెలా వేసుకుంటున్నారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"నేనే దగ్గరుండి వేయిస్తున్నానండీ! నాలుగూ ఒకేసారి, టీతో. ఒక్కరోజూ తప్పలేదు," అన్నాడు దర్జీ, మెచ్చుకుంటుందని చూస్తూ.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "కొంప ముంచారు కదండీ! టీ, కాల్షియం, ఎసిడిటీ మాత్ర, ఇవేవీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. ఐరనేమో థైరాయిడ్ మాత్రని పనిచెయ్యనివ్వదు. ఆ రెండింటికీ నాలుగు గంటలైనా ఎడముండాలి. మందుల షాపులో చెప్పలేదా?"

"చెప్పారండీ, నాకే," అంది పంతులమ్మ మెల్లగా.

బయటికొచ్చాక దర్జీ అడిగాడు. "మరి నాకో మాట చెప్పొచ్చు కదే?"

"ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి టీ పెట్టిచ్చారు. వద్దనడానికి నోరు రాలేదు."

దర్జీ నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. మందులు సర్దుకుంటాయి, ఒంట్లో రక్తం పడుతుంది. కానీ ఆ తరగతి ఈ ఏటికి పోయినట్టే. అలమరలోని డబ్బా కళ్ళలో మెదిలింది.

"నన్ను నోరారా తిట్టవే," అన్నాడు.

"ముందు ఓపిక రానివ్వండి," అంది పంతులమ్మ.